సిరా సీసా ముందు కూర్చున్న రోజు

2024 మే 13న ఒక పల్లె పోలింగ్ కేంద్రంలో రెండో పోలింగ్ అధికారిగా పనిచేశాను. ఓటరు ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టడం, రిజిస్టరులో సంతకం చేయించడం నా పని.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వేలు చాపుతూ నా వైపు వంగింది. "మీరు పంతులుగారట కదా. దేనికి నొక్కమంటారో చెప్పండి బాబూ" అంది.

ఒక గుర్తు పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. అబద్ధమాడను. ఆమె గొంతులో అంత నమ్మకం ఉంది. "అమ్మా, అది నేను చెప్పకూడదు. మీ మనసుకు తోచినదే నొక్కండి" అన్నాను. చిన్నబుచ్చుకుని ముందుకు కదిలింది.

ఎన్నికల విధుల్లో ఉన్నవారు ఓటరును ప్రభావితం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 129వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు. కానీ ఆ క్షణంలో నన్ను ఆపింది జైలు భయం కాదు. నా మెడలోని గుర్తింపు కార్డు ఏ పార్టీదీ కాదు.

అంతకు ముందు ఎన్నికల్లో మా మేనమామ అడిగాడు: "సెలవు పెట్టి మా తరఫున ఏజెంటుగా కూర్చోరా." సెలవు పెట్టినా నేను ప్రభుత్వ ఉద్యోగినే మావయ్యా అన్నాను. 134ఏ సెక్షను దాన్నీ నేరమే అంటుంది. ఏడాది పాటు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. అది ఇప్పటికీ బాధే.

ఆ పెద్దావిడ అట్ట చాటున చాలాసేపు నిలబడింది. తర్వాత బీప్ మోగింది.