‘సెట్’ అనే చిన్న క్రియను నేను ఎలా చదివానంటే

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్, బ్యాంక్ ఆఫీసర్ల పరీక్ష పీఓ రాసే మన తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లీష్‌లో నోరు తిరగని పెద్ద పదాలతో నిజానికి అంత బాధ లేదు. వాటికి ఒకటో రెండో అర్థాలుంటాయి, బట్టీ కొడితే వచ్చేస్తాయి. టెన్షన్ పెట్టేవి ఒకటో తరగతిలోనే నేర్చుకున్న బుల్లి క్రియలు: గెట్, టేక్, పుట్, రన్, సెట్. పేరాలో ఖాళీలు పూరించే క్లోజ్ టెస్టులో, ఇడియమ్స్‌లో, తప్పు పట్టమనే ప్రశ్నల్లో తిరిగి తిరిగి ఇవే వస్తాయి. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో తప్పు జవాబుకి అర మార్కు పోతుంది కాబట్టి ‘ఏదో ఒకటి పెట్టేద్దాం’ అనడానికీ లేదు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ క్రియకు 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత జరిగిన సవరణలో ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. వీటిని లిస్టు రాసుకుని చదవడం ఎవరి తరం? చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన కూర్చునే మిత్రుడు ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ పక్కన ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరినవి) మొత్తం అక్షరక్రమంలో ఎర్ర పెన్నుతో రాసుకునేవాడు. సెట్ దగ్గరికి వచ్చేసరికి ఆఫ్, ఔట్, ఇన్, అప్ అన్నీ కలగాపులగం అయిపోయేవి. నేను అలా కాకుండా, అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడటం మొదలుపెట్టాను.

పాత ఇంగ్లీష్‌లో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. అంతే. మన దిగు–దించు, ఆగు–ఆపు, మారు–మార్చు ఎలాంటి జంటలో సిట్–సెట్ కూడా అలాంటి జంటే. తనంతట తాను చేసేది ఒకటి, ఇంకొకరితోనో ఇంకోదానితోనో చేయించేది మరొకటి. ఇంగ్లీష్‌లో ఇలాంటి జంటలు కొన్నే మిగిలాయి: లై–లే, రైజ్–రెయిజ్, ఫాల్–ఫెల్, డ్రింక్–డ్రెంచ్. చివరిది చూసి నవ్వొస్తుంది కానీ నిజమే, డ్రెంచ్ అంటే మొదట ‘తాగించడం’. తప్పు పట్టే ప్రశ్నల్లో పేపర్ సెట్ చేసేవాళ్లకి ఈ జంటలంటే మహా ఇష్టం. ‘హి లెయిడ్ ఆన్ ది బెడ్’ అని ఇస్తే తప్పు, ఎందుకంటే లెయిడ్ అనేది ‘పడుకోబెట్టు’ వైపు మాట, దానికి కర్మ కావాలి. అక్కడ ‘లై’కి గతకాలమైన ‘లే’ రావాలి. అలాగే చెట్టు కొట్టడం గురించైతే గతకాలం ‘ఫెల్డ్’. ‘ఫెల్’ అని రాస్తే కొట్టినవాడే పడ్డాడన్నమాట.

‘ఒకచోట కూర్చోబెట్టు’ అన్న మూలం పట్టుకుంటే చాలా అర్థాలు వాటంతటవే విప్పుకుంటాయి. అలారం సెట్ చేస్తాం, విరిగిన ఎముకను డాక్టర్ సెట్ చేస్తాడు. కోర్టు కింది కోర్టు తీర్పును ‘సెట్ అసైడ్’ చేసిందంటే పక్కన పెట్టేసింది, అంటే కొట్టేసింది. ‘సెట్ ఇన్’ అంటే వచ్చి తిష్ట వేయడం, అందుకే అది వానాకాలానికీ ఇన్ఫెక్షన్‌కీ వాడతారు, ఓ పది నిమిషాల జల్లుకి వాడరు. ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ వదలాల్సిన ఖాళీని మన ఊళ్లలో మేస్త్రీలు కూడా ‘సెట్‌బ్యాక్’ అనే అంటారు. వెనక్కి జరిపి కూర్చోబెట్టడం. పరీక్షలో ఎదురుదెబ్బ అన్న అర్థంలో వచ్చేదీ ఇదే మాట.

ఒక జాగ్రత్త. సిమెంట్ గట్టిపడటం, పెరుగు తోడుకోవడం, పొద్దు గుంకడం, వీటికీ సెట్ వాడతారు, వీటిలో కర్మ ఉండదు. కాబట్టి ‘సెట్ అంటే ఎప్పుడూ సకర్మకమే’ అని రూల్ రాసుకోకండి. ఇంకొకటి, ‘సంబంధం సెట్ అయింది’, ‘ఆ షర్టు నీకు సెట్ కాలేదు’ అని మనం రోజూ అనేది తెలుగు సెట్. ఇంగ్లీష్ వాక్యంలో షర్టుకి వాడాల్సింది ఫిట్ లేదా సూట్.

నాకు బాగా నచ్చింది ‘అప్‌సెట్’ కథ. పదిహేనో శతాబ్దంలో దీని అర్థం నిలబెట్టడం, నెలకొల్పడం. తలకిందులు చేయడం, ఆ తర్వాత మనసు పాడవడం, ఇవన్నీ వెనక వచ్చి చేరినవి. పాత అర్థం పూర్తిగా పోయిందా అంటే లేదు, వేలంపాటల్లో బతికే ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ ప్లాట్ల వేలానికి ఎకరా ‘అప్‌సెట్ ప్రైస్’ 35 కోట్లు పెట్టారు, ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్ల దాకా వెళ్లింది. ఆ ధర విని మనం అప్‌సెట్ అవడం వేరే సంగతి. ఇక్కడ అప్‌సెట్ ప్రైస్ అంటే పాట మొదలుపెట్టడానికి నిలబెట్టిన కనీస ధర.

ఇక క్వశ్చన్ పేపర్ మీద ‘సెట్ ఎ, సెట్ బి’ అని ఉండే సెట్, హోటల్లో సెట్ దోసె, లెక్కల్లో సమితి, ఇవి వేరే ఇంటివి. గుంపు అనే ఈ నామవాచకం లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ‘సెక్ట్’కి తోబుట్టువు. వాడుకలో రెండూ కలిసిపోయి ఒక్కటే అనిపిస్తాయి. (ఎంసెట్‌లోని సెట్ అసలు మాటే కాదు, మూడు పొడి అక్షరాలు.)

క్రియ వైపు చుట్టరికం మన దాకా వస్తుంది. సిట్, లాటిన్ ‘సెడేరే’, సంస్కృతంలో కూర్చోవడమనే ‘సద్’ ధాతువు, మూడిటిదీ ఒకటే మూలం. సదస్సు, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు ఆ ధాతువు నుంచి వచ్చినవే. ముందు కూర్చునేవాడు ప్రెసిడెంట్. అంటే మన మండల పరిషత్ ప్రెసిడెంట్ పదవిలో ఒకే వేరు రెండుసార్లు ఉంది! సెషన్, సెడిమెంట్, రిసైడ్, పొసెస్, విడిగా కూర్చునే డిసిడెంట్, వీటిని ఒకే పేజీలో రాసుకుంటే ఒకదాన్ని చూసి ఇంకోటి గుర్తొస్తుంది.

స్పెల్లింగ్ ప్రశ్నల్లోనూ ఇది పనికొస్తుంది. ప్రొసీడ్, ఎక్సీడ్, సక్సీడ్‌లకు చివర సి-ఇ-ఇ-డి. ప్రిసీడ్, రిసీడ్, కన్సీడ్ లాంటివాటికి సి-ఇ-డి-ఇ. ‘సూపర్‌సీడ్’ ఒక్కదానికే సి బదులు ఎస్, ఎందుకంటే మిగతావన్నీ వెళ్లడం అనే లాటిన్ మాట నుంచి వస్తే, ఇది మాత్రం ‘పైన కూర్చోవడం’ నుంచి వచ్చింది.