పిల్లల ఉగ్గు ప్యాకెట్‌ను ల్యాబ్‌కు పంపించాలంటే: నల్లగొండ నుంచి నా అనుభవం

డబ్బా ఉగ్గులో ఏం కలిపారో కొన్నవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవచ్చు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది, కానీ ఒక షరతు మీద: పరీక్ష చేయిస్తామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. అందుకే ప్రకాశం బజార్‌లో కౌంటర్ దగ్గరే "సేటూ, ఇది ల్యాబ్‌కు పంపుతున్న" అని చెప్పి, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్న. ఇంటికి పోయినంక అనుమానం వచ్చి పంపితే ఆ షరతు తప్పినట్టే. కిరాణా బిల్లులో బ్యాచ్ నంబర్ సాధారణంగా ఉండదు. దాన్ని బిల్లు మీదనే చేత్తో రాయించుకోవాలి. ఒకే బ్యాచ్‌వి రెండు ప్యాకెట్లు కొని, సీలు విప్పకుండా దాచాలి. విప్పిన ప్యాకెట్ అయితే "మీ ఇంట్లోనే కలిసింది" అనే వాదన ముందు నిలబడదు.

ల్యాబ్ కంటే ముందు లేబుల్ చదవాలె. అడిటివ్‌లు అంటే రంగు, నిల్వ లాంటి వాటికోసం కలిపేవి; లేబుల్ మీద వాటికి ఐఎన్ఎస్ అనే అంతర్జాతీయ నంబర్లు ఉంటాయి. ఐఎన్ఎస్ 322 లెసిథిన్, 471 మోనో, డై గ్లిజరైడ్లు నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేవి; పిల్లల ఆహారంలో మామూలుగా కనిపించేవే. 102 టార్ట్రజీన్ రంగు, 211 సోడియం బెంజోయేట్ నిల్వ మందు. ఇవి కనిపిస్తే ఆగాల్సిందే. పెద్దల తిండిలో ముడిసరుకుతో పాటు వచ్చిన అడిటివ్‌కు కొంత వెసులుబాటు ఉంటుంది. పిల్లల ఆహారానికి అది లేదు, రూల్స్‌లోని అనుమతి జాబితాలో ప్రత్యేకంగా చెప్తే తప్ప. చక్కెర అసలు అడిటివ్ కిందికే రాదు, ముడిపదార్థం. బరువు ఎక్కువున్నది ముందు రాయాలి కాబట్టి లేబుల్ మీది ముడిపదార్థాల జాబితాలో చక్కెర ఎన్నో పేరో చూస్తే చాలు. అన్నట్టు, డబ్బా మీద పసిపిల్ల బొమ్మ ఉంటే లోపల ఏమున్నా అది పాలపొడి, పిల్లల ఆహారాల మీద వచ్చిన 1992 చట్టానికి విరుద్ధమే.

"మంచిదో కాదో చూడండి" అని రాసిస్తే పనికొచ్చే రిపోర్టు రాదు. కృత్రిమ రంగులు, బెంజోయేట్, సార్బేట్ (ఇది కూడా నిల్వ మందే), శాకరిన్ (కృత్రిమ తీపి) అని పేరుపేరునా అడగాలి. అడగనిది వెతకరు. రంగు పరీక్షలో తెల్ల ఉన్ని దారానికి రంగు పట్టించి, దాన్ని మళ్లీ విడదీసి చూస్తారు. స్టేట్ ఫుడ్ ల్యాబ్ హైదరాబాద్‌లోని నాచారంలో ఉంది. మనకు నార్కట్‌పల్లి, ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా దారి.

తప్పు తేలితే కట్టిన ఫీజు వాపస్ వస్తుంది, ఫుడ్ అనలిస్ట్ (ల్యాబ్‌లో పరీక్ష చేసే అధికారి) రిపోర్టును డెజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (ఈ చట్టం కింద చర్య తీసుకునే అధికారికి) పంపుతాడు. మనం పంపే బదులు ఫిర్యాదు పెడితే, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (దుకాణాలు తనిఖీ చేసే అధికారి) వచ్చి శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు: ఒకటి అనలిస్ట్‌కు, రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గరికి, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు. అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. సీలు ప్యాకెట్లయితే ఒక్కో భాగానికి కనీసం ఒక్కో ప్యాకెట్ కావాలి. అందుకని ఫిర్యాదు పెట్టేముందు ఆ దుకాణంలో అదే బ్యాచ్ సరుకు నాలుగైనా మిగిలి ఉందో లేదో చూసుకోండి.