క్యూఆర్ కోడ్ కింద ఆ ఆరు అక్షరాలు

ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం. క్యూఆర్ కోడ్ మీద ఫోన్ ఎంతసేపు పెట్టినా పట్టలేదు. పేజీ మడత సరిగ్గా కోడ్ మీదే పడింది మరి.

ఆ కోడ్ కిందే ఆరు అక్షరాలూ అంకెలూ కలిపి అచ్చేసి ఉంటాయి. బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌లో వాటిని టైప్ చేసినా అదే పాఠం వస్తుంది. ఈ సంగతి తెలియని టీచర్లూ ఉంటారు.

2017లో మొదలైన దీక్ష ఇన్ని రాష్ట్రాలకు పాకిందంటే, కొత్త పరికరం కొనే పని లేకపోవడమే కారణం అనిపిస్తుంది. పుస్తకం ఎలాగూ అచ్చవుతుంది, అందులో ఓ చిన్న చదరం, అంతే. ట్యాబైతే పగుల్తుంది, ఛార్జింగ్ పెట్టాలి, స్టాకు రిజిస్టర్లో లెక్క చూపాలి.

సిగ్నల్‌ని మాత్రం అచ్చేయలేం కదా! ముందురోజే వైఫై ఉన్నచోట వీడియో డౌన్‌లోడ్ చేసుకుని, క్లాసులో నెట్ లేకుండా పెట్టండి. ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి, డౌన్‌లోడ్ సగంలో ఆగేది అక్కడే.