కోరాపుట్‌లో మ్యాప్ సెన్సర్ 91 చూపిస్తే

సుంకి ఘాట్ ఎక్కుతుంటే బండి నల్లపొగ కక్కుతూ లాగడం మానేసింది. 1.3 లీటర్ టర్బో డీజిల్. స్కానర్‌లో రెండు కోడ్లు: పీ0299, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) చాలట్లేదని, పీ0101, మ్యాఫ్ (లోపలికి వెళ్లే గాలి బరువు కొలిచే సెన్సర్) రీడింగు లెక్కకు కుదరట్లేదని. ఇంతవరకూ తేలికే.

సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి చూశాడు. ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ 91 కిలోపాస్కల్ చూపించింది. "వంద ఉండాలి సార్, పోయింది. మ్యాఫ్ కూడా మార్చేద్దాం" అని రెండింటికీ ఎస్టిమేట్ రాసేశాడు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి పీడనమే అంత. ఆ మాటంటే సూపర్‌వైజర్ నలుగురి ముందూ "యూట్యూబులు చూసొచ్చి మాకు చెప్తారు" అని నవ్వాడు. అదే సెన్సర్ సాలూరు దిగాక 100 దగ్గర చూపించింది. ఆ ఫొటో చూపించినా ఎస్టిమేట్ మారలేదు. వాళ్లకు పార్టు అమ్ముడవ్వాలి, అంతే. మీరు చూసుకోవాలంటే ఇంజన్ ఆపి, మ్యాప్ అంకెను ఫోన్ బారోమీటర్‌తో పోల్చండి. వాతావరణం యాప్‌లో కనిపించే 1010 (హెక్టోపాస్కల్, అంటే 101 కిలోపాస్కల్) పనికిరాదు, అది సముద్రమట్టానికి సవరించిన అంకె.

ఐడిల్‌లో అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు బూస్టే లేదు. అందుకే ఘాట్ ఎక్కేటప్పుడు, మూడో గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పక్కనొకరిని కూర్చోబెట్టి రికార్డు చేయాలి. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మ్యాప్ 150, మ్యాఫ్ సెకనుకు 48 గ్రాములు. ఇప్పుడు లెక్క. ఇంజన్ అసలు కొలత 1.248 లీటర్లు, రెండు చుట్లకోసారి అంత గాలి పీలుస్తుంది, అందుకే 60కి బదులు 120తో భాగించాలి: 1.248 లీటర్లు × 2500 ÷ 120 = సెకనుకు 26 లీటర్లు. 150 కిలోపాస్కల్, 50 డిగ్రీల దగ్గర గాలి లీటరుకు 1.6 గ్రాములు. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే ఇంజన్‌లోకి వెళ్లేది 36 లోపే. మిగతా 12 గ్రాములు టర్బో దాటాక బయటికి పోతున్నాయి. మ్యాఫ్ కొలిచిన గాలిని నమ్మి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) డీజిల్ పోస్తుంది, అదే నల్లపొగ. ఇది తిరగబడి, బూస్ట్ సరిగ్గా ఉండి మ్యాఫ్ తక్కువ చూపిస్తే లీకు మ్యాఫ్‌కూ టర్బోకూ మధ్య. అది ఇంకా చెడ్డది, ఫిల్టర్ కాని ధూళి తిన్నగా టర్బోలోకి పోతుంది.

లీకు పట్టుకోవడానికి పీవీసీ మూతకు ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి, టర్బో ఇన్‌లెట్‌కు తొడిగి, బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చేది) మూసి, 10 పీఎస్ఐ దాటకుండా గాలి కొట్టాలి. మీటరు నిలబడదు, వాల్వుల గుండా కొంత పోతూనే ఉంటుంది. బుస్సుమనే చోటు వెతకండి. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టం అడుగున, బ్రాకెట్ రాసుకునే చోట, నూనెకు ఎర్రమట్టి అంటుకుని ఒక చార. వంచితే వేలిగోరంత నోరు తెరిచింది.

గొట్టం మార్చాక అదే ఘాట్ ఎక్కుతూ, అదే 2500 దగ్గర మ్యాప్ 205, మ్యాఫ్ 49. పాత సెన్సర్లు రెండూ అలాగే ఉన్నాయి.

కొత్త గొట్టం తొడిగే ముందు పైపు అంచున ఉన్న నూనె పూర్తిగా తుడవండి. లేదంటే క్లాంపు ఎంత బిగించినా మొదటి ఘాట్ ఎక్కేటప్పుడే జారి ఊడిపోతుంది.