రేకు మీద వాన

రేకుల షెడ్డు పక్కన గొడుగు కింద రికార్డర్ పట్టుకుని 40 నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. ఇవాళ సెలవే, ఎవరూ వెళ్లమనలేదు.

హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే, వాన తగ్గే కొద్దీ రేకు మీద ఒక్కో చినుకూ విడివిడిగా, ఇంకా స్పష్టంగా వినిపించింది. ఆ చివరి 20 సెకన్లు ఎంత బాగున్నాయో! సోమవారం ఎడిట్ చేయాల్సిన సీన్‌కి సరిగ్గా ఇదే కావాలి, రెండు వారాలుగా మా దగ్గరున్న వాన శబ్దాలన్నీ పెట్టి చూసి విసిగిపోయి ఉన్నాను.

మరి ఇది పనా, సరదానా అని ఇంట్లో అడిగితే చెప్పలేకపోయాను.

చిక్‌సెంట్‌మిహాయ్ అనే సైకాలజిస్ట్ 1970లలో చెస్ ఆడేవాళ్లతో, కొండలెక్కేవాళ్లతో, సర్జన్లతో కూడా మాట్లాడి, టైమ్ తెలియకుండా మునిగిపోయే ఆ స్థితికి 'ఫ్లో' అని పేరు పెట్టారు. ఆ వరసలో ఆటలాడేవాళ్ల పక్కనే సర్జన్లు ఉండటం నాకు భలే నచ్చుతుంది.

ఆఫీసు మెయిల్స్ మాత్రం సెలవు రోజు తెరవను, ఆ హద్దు నాకు కావాలి.

బట్టలింకా ఆరలేదు. ఆ 20 సెకన్లు మళ్లీ వింటున్నాను.