చేపలు పడితే బెంచీ, లేకపోతే నేల

శ్రీకాకుళంలో సీఎస్పీ రోడ్డు తెలియనివాళ్లుండరు. ఆ పేరులో మొదటి అక్షరం 'సీ', పాత ఇంగ్లీషు స్పెల్లింగులో కళింగపట్నానిదని మాత్రం మొన్న బస్సులో పక్క సీటాయన చెప్పేదాకా నాకు తెలియదు. అందరూ అక్కడికి వంశధార సముద్రంలో కలిసేచోటు చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్లింది మా నాన్న కబుర్లలో విన్న డేరా సినిమా హాలు కోసం.

లైట్‌హౌస్ దగ్గర అడిగితే ఒకాయన సరుగుడు తోట చూపించాడు. ఇంకొకావిడ కాదు కాదని ఊరివైపు ఇంకో ఖాళీ స్థలం చూపించింది. ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. టూరింగ్ టాకీసుకి లైసెన్సు కొన్నాళ్లకే ఇచ్చేవారు. గడువు తీరితే గుంజలు పీకాలి, మళ్లీ ఎక్కడ వీలైతే అక్కడ పాతాలి.

చివరికి అప్పట్లో సినిమా మిషను నడిపిన తాత దొరికాడు. అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన వల సూదులు వేసుకున్న రేకు డబ్బా ఉంది, గుండ్రంగా, పళ్లెమంత. మూత అంచంతా ఉప్పుగాలికి తుప్పు. పరీక్షగా చూస్తే అది ఫిల్ము రీలు డబ్బా!

"పెట్టె తిరిగి పంపినప్పుడు ఇదొకటి ఉండిపోనాది బావూ," అని నవ్వాడు. ఉండిపోయిందో, ఉంచేశాడో నేనడగలేదు.

జేబులోంచి రెండు బీడీలు తీసి కొసలు ఎదురెదురుగా పట్టుకుని చూపించాడు. మిషనులో బొమ్మకి వెలుగిచ్చే కార్బన్ పుల్లలు అలా, మధ్య కొద్దిపాటి సందుతో మండేవట. మండేకొద్దీ పుల్లలు అరుగుతాయి, సందు పెరుగుతుంది, తెర మసకబారుతుంది, నేలలోంచి ఈలలు. అందుకే ఒక చెయ్యి ఎప్పుడూ సందు సరిచేసే మర మీదే. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. మిషను ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లే. సముద్రపు గాలి ఎక్కువైతే తెర తెరచాపలా ఉబ్బి హీరో ముఖం ఇంత లావు కనబడేదట.

"చేపలు పడిన రోజు బెంచీ, పడనిరోజు నేల. అసలు పడకపోతే డేరా బైట నిలబడి మాటలు ఇనీవోళ్లు."

టీవీ వచ్చి హాళ్లు పోయాయని మనం తేలిగ్గా అనేస్తాం. నేనూ ఆ మాటే రాసుకుందామని వెళ్లాను. తాత ఒప్పుకోలేదు. "టీవీ కాదు. సూడ్డానికి మగోళ్లు ఊర్లో ఉండాల కదా?"

జిల్లా తీరంలో చాలా ఊళ్ల సంగతి అదే. ఆగస్టు దాటాక కుర్రాళ్లు కనబడరు, గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్లిపోతారు. ఇక్కడి వేట మీద ఇల్లు గడవదు, అక్కడ బోటు మీద జీతం వస్తుంది. అలా వెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్లనే 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది, 2020 జనవరిలో గానీ వదల్లేదు. ఆ ఘటన మీద 2025లో సినిమా కూడా వచ్చింది. అది చూడ్డానికి తాత మనవడు శ్రీకాకుళం బస్సెక్కాల్సి వచ్చింది.

"మీరు చూడలేదా తాతా?"

"తరవాత మనవడు ఫోన్లో కొంత సూపించినాడు."

"ఎలాగుంది?"

వల మీంచి తలెత్తకుండానే చెప్పాడు. "ఎలుగు ఎక్కడా తగ్గనేదు."