క్లిప్పులు, నొప్పి బిళ్ళలు, పంటి వేర్లు

మా మెడికల్ షాపు పై అంతస్తులో పళ్ళ ఆసుపత్రి ఉంది. క్లిప్పులు వేసే డాక్టరుగారు శనివారాలే వస్తారు. ఆ రాత్రి మా కౌంటరు దగ్గర దవడ పట్టుకుని నిలబడే టెన్త్ పిల్లలు, వాళ్ళ వెనక నాన్నలు. వైరు మార్చిన కొన్ని గంటలకి నొప్పి మొదలవుతుంది, మర్నాటికి బాగా ముదురుతుంది, ఆ తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. "ఏదైనా స్ట్రాంగ్‌ది ఇవ్వండి" అంటారు. నేను పారాసెటమాల్ ఇస్తాను. "ఇది జ్వరం బిళ్ళ కదండీ!" అని మొహం చిట్లిస్తారు.

జ్వరం బిళ్ళే. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో పావు వంతు మందం ఉండే నారపొర ఉంటుంది. వైరు పన్నును ఏ వైపు నెడితే ఆ వైపు ఈ పొర నలుగుతుంది. అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను వదులుతాయి. అవి ఎముకను కరిగించే కణాలను పురిగొల్పుతాయి. ముందు వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్తది కడుతుంది. మా గోదావరి ఒక ఒడ్డు కోసుకుంటూ రెండో ఒడ్డున మేట వేస్తూ పక్కకు జరుగుతుందే, పన్ను జరిగేదీ అలాగే. ఆ నొప్పీ చాలావరకు ఈ రసాయనాల పుణ్యమే.

ఆస్పిరిన్ జాతి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించాడు. 1982లో నోబెల్ పంచుకున్నది ఆ పనికే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ అన్నీ ఆ కుటుంబమే. జంతువులకు వీటిని రోజూ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పళ్ళ కదలిక నెమ్మదించింది. పారాసెటమాల్ పంటి దగ్గర పెద్దగా జోక్యం చేసుకోదు. అలాగని ఒకటి రెండు ఐబుప్రొఫెన్లు వేసుకుంటే క్లిప్పుల ఖర్చంతా వృథా అయిపోదు, టెన్షన్ పడకండి. కాకపోతే కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు ఉంటుందని అడిగేవాళ్ళలో సగం మందికి తెలీదు. పైగా వానాకాలం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలు ముట్టకూడదు, రక్తస్రావం ముప్పు.

ఇదంతా నాకు అలవాటైన పాఠం. మా చెల్లెలు అడిగింది మాత్రం వేరే ప్రశ్న. మేనకోడలికి క్లిప్పులు వేసి ఏడాది దాటింది. ఈమధ్య తీసిన ఎక్స్‌రేలో పై వరస ముందు పళ్ళు రెండిటి వేర్ల కొసలు మొద్దుబారి కనిపించాయట. ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్విచ్చిన బిళ్ళల వల్లేనా?" అంది.

కాదు. బిళ్ళ అక్కడ దోషి కాదు. ఎముకను తినే కణాల్లాంటివే, పొర మరీ నలిగిన చోట, వేరు మీద సిమెంటమ్ అనే గట్టి పూతనీ తినడం మొదలుపెడతాయి. ఇదేం కొత్త జబ్బు కాదు. అమెరికాలో కెచమ్ అనే ఆర్థోడాంటిస్టు (క్లిప్పుల డాక్టరు) 1927లోనే ఎక్స్‌రేలతో ఈ సంగతి బయటపెట్టాడు. క్లిప్పులు వేసుకున్న వాళ్ళలో ఎక్కువమందికి ఎంతో కొంత అరుగుతుంది, మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే. వేరులో మూడో వంతు పోయేది నూటికి ఏ కొద్దిమందికో. ఒత్తిడి ఎక్కువైనా, పన్నును చాలా దూరం జరపాల్సి వచ్చినా, చిగురులోకి నొక్కాల్సి వచ్చినా, వైద్యం ఏళ్ళ తరబడి సాగినా ప్రమాదం పెరుగుతుంది. వంశపారంపర్యం సరే సరి. పాత దెబ్బ కూడా ఒక కారణం. "పిల్ల పళ్ళకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగితే, ఆరో తరగతిలో సైకిలు మీంచి పడిందని అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలికి.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటే: వేరు అరిగేటప్పుడు నొప్పి ఉండదు. వైరు మార్చిన రోజు ఏడ్చే పిల్లకి వేరు చెక్కుచెదరక పోవచ్చు, కిమ్మనని పిల్లకి కొస కరిగిపోతూ ఉండొచ్చు. క్లిప్పులు వేశాక ఆరు నెలలకో ఏడాదికో ఒక ఎక్స్‌రే తీయాలనేది అందుకే.

మా చెల్లెలు తెలివైనది. "అయితే ఐబుప్రొఫెన్ లాంటి వాపు తగ్గించే బిళ్ళలే రోజూ వేస్తే వేరు నిలుస్తుంది కదా?" అంది. పరిశోధకులకీ ఆ ఆలోచన వచ్చింది. ఎలుకల్లో కొన్ని ప్రయోగాల్లో అరుగుదల తగ్గింది, కొన్నిట్లో తేడా లేదు. ఎలాగూ పీకేయబోయే ప్రీమోలార్ల (కోరపళ్ళ వెనకుండే పళ్ళు) మీద కొన్ని వారాల పాటు ఆ కుటుంబానిదే నాబుమెటోన్ అనే మందు ఇచ్చి చూస్తే మనుషుల్లోనూ కొంత తగ్గింది. కానీ కొన్ని వారాలు వేరు, రెండేళ్ళ వైద్యం వేరు. పద్నాలుగేళ్ళ పిల్ల కడుపునీ కిడ్నీలనీ పణం పెట్టేంత రుజువు అందులో లేదు. వాళ్ళ డాక్టరుగారు చేసిందే సబబు: రెండు మూడు నెలలు లాగడం ఆపి, ఒత్తిడి లేని వైరు పెట్టారు. ఒత్తిడి ఆగితే కణాలు వేరును తినడమూ ఆగుతుంది, వేరు పక్కల పడ్డ చిన్న గుంటలు మళ్ళీ సిమెంటమ్‌తో పూడతాయి. కొసన పోయిన పొడవు మాత్రం తిరిగి రాదు. ఆ కాస్త పోయినంత మాత్రాన పన్ను ఊడిపోదులే అంటే నమ్మడానికి మా చెల్లెలికి వారం పట్టింది.

అసలు ఈ మందుల గురించి గట్టిగా అడగాల్సింది పెద్దవాళ్ళని. ఇప్పుడు నలభై దాటినవాళ్ళూ అలైనర్లు (క్లిప్పుల బదులు పళ్ళకి తొడిగే పారదర్శక తొడుగులు) పెట్టించుకుంటున్నారు. వాళ్ళలో నడుము నొప్పికి రోజూ ఆ ఐబుప్రొఫెన్ కుటుంబానిదే ఎటోరికాక్సిబ్ మింగేవాళ్ళున్నారు, ఎముకల బలానికి వారానికోసారి అలెండ్రొనేట్ వేసుకునే ఆడవాళ్ళున్నారు. అలెండ్రొనేట్ కూడా పళ్ళ కదలికను నెమ్మదింపజేసే రకమే. పై అంతస్తులో ఫారం నింపేటప్పుడు 'వాడుతున్న మందులు' అన్న గడిలో 'లేవు' అని రాసి, కిందికి దిగి నా దగ్గరే నెల సరుకు కొనుక్కెళ్తారు. నేను చీటీ వెనక మందుల పేర్లు రాసిచ్చి మళ్ళీ మెట్లెక్కిస్తుంటాను. మొన్న ఒక బ్యాంకు ఆఫీసరుగారు ఇదంతా విని, "అయితే ఎకోస్ప్రిన్ ఆపేస్తాను" అన్నారు. ఎకోస్ప్రిన్ అంటే గుండెకి వేసుకునే ఆస్పిరిన్; ఆయనకు గుండెలో స్టెంట్ ఉంది. "బాబ్బాబు, అది మాత్రం ఆపకండి! పన్ను నెల ఆలస్యంగా జరిగితే కొంప మునగదు" అని ఆయన కాగితం మీద ఎకోస్ప్రిన్ 75 అని పెద్దక్షరాలతో రాసి పైకి పంపాను.